ఆకాశం చల్లిన ఎరువు

లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలో హార్పెండెన్ వస్తుంది. చిన్న ఊరు. ఎర్ర ఇటుకల ఇళ్లు, నడి ఊళ్లో పెద్ద పచ్చిక మైదానం, దాని చుట్టూ కాఫీ కొట్లు. పర్యాటకుల జాబితాల్లో ఈ ఊరి పేరు కనపడదు. మేం వెళ్లింది ఊరు చూడ్డానిక్కాదు, ఊరి అంచున రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఉన్న ఓ ఏడెకరాల గడ్డి చేను చూడ్డానికి.

‘మేం’ అంటే నేనూ, మా బాబాయీ. తెనాలి దగ్గర నలభై ఏళ్లు వ్యవసాయం చేసి, ఇప్పుడు కూతురి దగ్గరకి ల్యూటన్ వచ్చి కూర్చున్నాడు. అప్పటికే వంతెన చూశాడు, రాణిగారి కోట చూశాడు, మైనపు బొమ్మలూ చూశాడు. “ఇంక బొమ్మలు చాలుగానీ, ఎక్కడన్నా ఓ పొలం చూపించరా అబ్బాయ్” అన్నాడు. రసాయన ఎరువుల కథ మొదలైన ఊళ్లలో ఒకటి ఇక్కడికి పది నిమిషాల దూరమే అని చెప్పగానే చొక్కా మార్చుకుని తయారయ్యాడు.

స్టేషన్ నుంచి నడుచుకుంటూ పోవచ్చు. దారిలో పరిశోధనా కేంద్రం భవనాల ముందు పెద్ద గ్రానైట్ బండరాయి ఒకటి నిలబెట్టి ఉంటుంది. ఇక్కడి ప్రయోగాలకి యాభై ఏళ్లు నిండాయని 1893లో పెట్టారట. ఇద్దరు మనుషుల పేర్లు ఉంటాయి దానిమీద. ఒకరు జాన్ బెనెట్ లాస్. ఈ భూములన్నిటికీ యజమాని, జమీందారు అనుకోండి. ఎముకల్నీ, ఫాస్ఫేటు రాళ్లనీ ఆమ్లంతో కలిపి సూపర్ ఫాస్ఫేట్ తయారుచేసే పద్ధతికి 1842లో పేటెంటు తీసుకుని, డెట్‌ఫర్డ్‌లో ఫ్యాక్టరీ పెట్టి, బాగా సంపాదించాడు. రెండోవాడు జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్, రసాయన శాస్త్రజ్ఞుడు. 1843లో మొదలుపెట్టి ఇద్దరూ కలిసి యాభై ఏడేళ్లు పనిచేశారు. అన్నదమ్ములే అన్నేళ్లు కలిసి సేద్యం చెయ్యరు మన దగ్గర.

గోధుమ మీద వాళ్ల ప్రయోగం 1843లో మొదలైంది. గడ్డి మీద 1856లో. దాని పేరు పార్క్ గ్రాస్. పచ్చిక మీద జరుగుతున్న ప్రయోగాల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే. మన దేశంలో సిపాయిల తిరుగుబాటుకి ఏడాది ముందు మొదలైనది ఈరోజుకీ ఆగలేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆగలేదు.

“గడ్డికి ఎరువెయ్యడమేంట్రా?” అన్నాడు బాబాయ్. మనకి గడ్డంటే వరిగడ్డి, జొన్న చొప్ప. పంటతో పాటు వచ్చేది. ఇక్కడ అలా కాదు. చలికాలంలో నేలమీద పచ్చిక పెరగదు. గొడ్లకి ఆ నెలల మేతంతా జూన్‌లో కోసి ఎండబెట్టుకున్న గడ్డే. అందుకే గడ్డి చేను ఇక్కడ నిజంగానే పంట చేను. ఏ ఎరువేస్తే ఎన్ని మోపులు ఎక్కువొస్తాయో చూద్దామన్నదే లాస్ ఆలోచన. పువ్వుల గురించిగానీ, జీవవైవిధ్యం గురించిగానీ ఆయన అనుకోలేదు. ఆ మాటే అప్పటికి పుట్టలేదు.

అప్పటికే కనీసం నూరేళ్లుగా దున్నకుండా పచ్చికగానే ఉన్న నేల అది. అంతా ఒకే తీరు. దాన్ని ఇరవై దాకా మళ్లుగా గీశారు. కొన్నిటికి ఏమీ వెయ్యరు. కొన్నిటికి ఫాస్ఫేటు, పొటాషు. కొన్నిటికి నత్రజని ఒక్కటే. కొన్నిటికి అన్నీ. నత్రజనిలోనూ రెండు రకాలు, అమ్మోనియం సల్ఫేటుగా కొన్నిటికి, సోడియం నైట్రేటుగా కొన్నిటికి. జూన్ నడుమ ఓ కోత, శరదృతువులో ఇంకో కోత. గడ్డంతా బయటికి తీసుకుపోతారు. ఇంతకుమించి ఏమీ లేదు. దున్నడం లేదు, విత్తనం చల్లడం లేదు, కలుపు తీయడం లేదు. ఏ మొక్క బతికినా తన బలంతోనే.

మూడేళ్లు తిరక్కుండానే మళ్లు దేని రంగు దానివయ్యాయి. ఒకే చేను అని చెబితే నమ్మలేనట్టు మారిపోయాయి.

మాకు చూపించిన అమ్మాయి అక్కడే పరిశోధన చేస్తోంది. ముందుగా మమ్మల్ని ఏ ఎరువూ వేయని మడి పక్కన నిలబెట్టింది. జూన్ మొదటి వారం, కోతకి ముందు. గడ్డి మోకాలెత్తు కూడా లేదు. పైనుంచి చూస్తే పలచగా, బీద నేలలా ఉంది. వంగి చూస్తే మాత్రం లెక్క అందదు. సన్నటి తీగల చివర చిన్న చిన్న బుడగల్లా వేలాడుతూ గాలికి వణికే గడ్డి ఒకటి. దాని పేరే క్వేకింగ్ గ్రాస్, వణికే గడ్డి. పసుప్పచ్చ పూలతో నేలని అంటుకుని పాకే ట్రెఫాయిల్. చామంతికి దూరపు చుట్టంలా ఊదారంగు పూలు పూసే నాప్‌వీడ్. ఈనెలు తేలిన ఆకుల మధ్య నల్లటి చిన్న కంకులతో ప్లాంటైన్. ఎర్ర క్లోవర్. పూత అయిపోయి కాయలు పట్టిన కౌస్లిప్. పేర్లు చెబుతూ పోతోంది ఆ అమ్మాయి. నేను రాసుకోవడం మానేశాను. ఇలాంటి మళ్లలో దాదాపు నలభై రకాల మొక్కలుంటాయట. తుమ్మెదలు వాలుతున్నాయి, లేస్తున్నాయి.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే ఇంకో మడి. హెక్టారుకి 144 కిలోల నత్రజని అమ్మోనియం సల్ఫేటు రూపంలో వేసేది, దాంతో పాటు ఫాస్ఫేటూ పొటాషూ కూడా. మన లెక్కలో చెప్పాలంటే ఎకరానికి 58 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని ఇరవై కిలోలకి పైచిలుకు ఉంటుంది కాబట్టి, ఎకరానికి మూడు బస్తాలకి కాస్త తక్కువ. ఈ లెక్క వేసింది నేను కాదు, బాబాయ్. నేను ఫోన్ తీసేలోపు నోటితో చెప్పేశాడు. “మా ఊళ్లో వరికి ఇంతకంటే ఎక్కువే వేసినవాళ్లున్నారు” అన్నాడు.

గడ్డి నడుందాకా ఉంది. దట్టంగా, ముదురాకుపచ్చగా. గాలికి అలలు పోతోంది. ఏ రైతుకైనా చూడగానే కడుపు నిండే చేను. బాబాయ్ మొహం వెలిగింది. “ఇదిరా పంటంటే! అదేంటి, ఆ పక్కది గొర్రెలు మేసి వదిలేసినట్టుంది” అన్నాడు.

“ఇందులో ఎన్ని రకాలున్నాయో చూడండి” అంది ఆ అమ్మాయి. నేను తర్జుమా చేసి చెప్పాను. బాబాయ్ వంగి, చేత్తో గడ్డిని పాయలు తీసి చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. మెత్తటి నూగు ఉన్న యార్క్‌షైర్ ఫాగ్ అనే గడ్డి. నక్కతోకలాంటి కంకితో ఇంకోటి. అంతే. సున్నం వెయ్యని భాగాల్లో రెండు, మహా అయితే మూడు రకాలు. పువ్వన్నది లేదు. పాయ తీసిన చోట అడుగున చీకటి. ఓ తుమ్మెద కూడా రాలేదు.

ఎరువు వేస్తే మొక్కలు చావడమేంటి? విషం కాదుగదా అది. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడమే గదా. ఈ ప్రశ్న చాలా కాలం శాస్త్రజ్ఞుల్ని కూడా తిప్పలు పెట్టింది. బీద నేలలో ఎవడికీ బలం చాలదు. పొడుగ్గా పెరగ్గలిగేవాడు కూడా కురచగానే ఉండిపోతాడు. అందువల్ల పొట్టివాళ్లకీ ఎండ అందుతుంది. ఒకడు వేరు లోతుగా దించుతాడు, ఒకడు చలికాలం చివర్లోనే తొందరగా పూస్తాడు, ఒకడు గాలిలోంచి నత్రజని తనే లాక్కుంటాడు. తలా ఓ ఉపాయం. నత్రజని దండిగా పడగానే ఈ ఉపాయాలన్నీ పనికిరాకుండా పోతాయి. త్వరగా పెరగడం ఒక్కటే పనికొచ్చే విద్య. అది తెలిసిన రెండు మూడు గడ్లు పైకి లేచి గొడుగు పట్టేస్తాయి. కింద ఉన్నవాళ్లు ఆకలితో కాదు, ఎండ లేక చస్తారు.

ఇది ఊహ కాదు. జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో ఓ చక్కని ప్రయోగం ప్రకటించారు. పచ్చికకి ఎరువేసి, పైగడ్డి గొడుగు పట్టాక, దాని కింద మొక్కల మధ్య సన్నటి దీపాలు పెట్టారు. దీపం ఉన్నచోట రకాలు తగ్గలేదు! దీపం లేనిచోట తగ్గాయి. ఎంత తేలికైన ఆలోచన, నూటయాభై ఏళ్లు ఎవరికీ తట్టలేదు. బాబాయ్‌కి ఇది చెబితే “కొబ్బరితోటలో మినుము ఎందుకు పండదు మరి” అన్నాడు, దీనికో ప్రయోగం కావాల్సొచ్చిందా అన్నట్టు.

నీడ ఒక్కటే కారణం కూడా కాదు. అమ్మోనియం సల్ఫేటు ఏళ్లతరబడి వేస్తే నేల పులుస్తుంది. సున్నం వెయ్యని మళ్లలో పీహెచ్ 3.5 దరిదాపులకి దిగిపోయింది. అది నారింజరసం పులుపు. ఆ నేల మీద నడిస్తే కాలికింద పరుపులా మెత్తగా ఉంటుంది. ఏళ్లనాటి గడ్డి కుళ్లక అలాగే పేరుకుపోయి చాపలా అల్లుకుంది. కుళ్లబెట్టాల్సిన వానపాములు ఆ పులుపులో బతకవు. సోడియం నైట్రేటు వేసిన మళ్లలో అంత నాశనం లేదు. ఆ ఎరువు నేలని పులియబెట్టదు గనక. అక్కడ రకాలు తగ్గాయి గానీ పూర్తిగా ఊడ్చుకుపోలేదు. 1903లో కొన్ని మళ్లకి సగం సగం సున్నం వెయ్యడం మొదలుపెట్టారు. 1965లో ఒక్కో మడినీ నాలుగు ముక్కలు చేసి, మూడింటికి పీహెచ్ 7, 6, 5 ఉండేలా సున్నం వేస్తూ, నాలుగో దాన్ని దాని ఖర్మకి వదిలేశారు. అందువల్ల నీడ చేసిన పనేదో, పులుపు చేసిన పనేదో ఈ చేలో విడివిడిగా కంటికి కనపడుతుంది. ఇంకెక్కడా ఇలా చూడలేం.

ఇంకో విచిత్రం. స్వీట్ వర్నల్ అనే సువాసన గల గడ్డి ఒకటి ఈ చేనంతటా ఉంటుంది. పుల్ల నేల మళ్లలో బతికే కొద్ది మొక్కల్లో అదీ ఒకటి. 1960, 70 దశకాల్లో స్నేడన్, డేవిస్ అనే ఇద్దరు దాన్ని వేరువేరు మళ్లలోంచి తెచ్చి పెంచి చూస్తే, ఒకే జాతి అయినా ఏ మడి గడ్డి ఆ మడికి తగ్గట్టు పుట్టుకతోనే మారిపోయి ఉంది. పది గజాల దూరంలో, నూరేళ్ల లోపల! డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో, ఈ ప్రయోగం మొదలైన మూడేళ్లకి. పరిణామానికి లక్షల ఏళ్లక్కర్లేదన్న సాక్ష్యం ఆయన బతికుండగానే లండన్ పక్కన గడ్డిలో తయారవుతూ ఉండిందన్నమాట.

ఫాస్ఫేటు, పొటాషు వేసి నత్రజని అసలు వెయ్యని మడి దగ్గర బాబాయ్ చాలాసేపు ఆగిపోయాడు. అక్కడ క్లోవర్లూ, చిక్కుడు కుటుంబపు తీగలూ విరగకాశాయి. గడ్డీ బాగుంది. సున్నం వేసిన భాగాల్లో ఈ మడి దిగుబడి, హెక్టారుకి 96 కిలోల నత్రజని వేసిన మడి దిగుబడికి దాదాపు సమానం అంది ఆ అమ్మాయి. బాబాయ్ ఓ మొక్కని పీకబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్రయోగశాల గదా. “వేళ్లకి బుడిపెలుంటాయి చూడు, మన పిల్లిపెసరకి ఉన్నట్టు” అన్నాడు.

పిల్లిపెసర తెలియని వాళ్లకి: కృష్ణా, గోదావరి డెల్టాలో వరి కోతల ముందు నిలువు చేలోనే చల్లేసేవాళ్లు. మిగిలిన తడితోనే మొలిచి, గొడ్లకి మేతయ్యేది, నేలకి బలమిచ్చేది. జనుము, జీలుగ కూడా అంతే. ఆ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాల్లోంచి నత్రజని పట్టి ఇస్తాయి. బయటినుంచి బస్తాలతో నత్రజని పోస్తే ఆ మొక్కలకున్న ఆ ఒక్క గొప్పతనం ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది. నత్రజని వేసిన మళ్లలో ముందుగా తగ్గిపోయేది వాళ్లే. “మా గట్ల మీద కూడా అంతే. చిన్నప్పుడు ఎన్ని రకాల ఆకుకూరలో. తుమ్మి, గలిజేరు, పొన్నగంటి... ఇప్పుడు వయ్యారిభామ, తుంగ” అన్నాడు బాబాయ్. దానికి యూరియా ఒక్కటే కారణమని నేననను. కలుపు మందులున్నాయి, గట్లే సన్నబడిపోయాయి, వయ్యారిభామ ఎక్కణ్ణుంచో వచ్చిపడిన మొక్క. కానీ బలిసిన నేల మీద ఎవరు గెలుస్తారో ఈ చేలో చూశాక, మా ఊరి గట్టు గుర్తుకు రాకుండా ఉండదు.

ఎరువు వేసినచోట రకాలు తగ్గాయి, బాగుంది. వెయ్యనిచోట బాగానే ఉన్నాయిగదా, ఇందులో కాలుష్యం ఎక్కడుంది అంటారా? అసలు కథ అక్కడే ఉంది. అది తెలియాలంటే ఆ ఇద్దరు పాతకాలపు మనుషులు కట్టిన వానకొలత తొట్టి గురించి చెప్పాలి.

1853లో లాస్, గిల్బర్ట్ ఓ పెద్ద తొట్టి కట్టించారు. ఎకరంలో వెయ్యోవంతు విస్తీర్ణం దానిది. పడిన వానని పట్టి, అందులో అమ్మోనియా ఎంత, నైట్రేటు ఎంత అని కొలిచేవాళ్లు. ఎందుకంటే జర్మనీలో లీబిగ్ అనే మహా రసాయనవేత్త మొక్కలకి కావలసిన నత్రజని గాలి నుంచీ వాన నుంచీ వస్తుందనీ, రైతు ఖనిజాలు వేస్తే చాలనీ వాదించేవాడు. వీళ్లిద్దరూ కాదన్నారు. ఏళ్లతరబడి పోట్లాట. వాన నీళ్లలో నత్రజని కొద్ది కిలోలే ఉంది, పంటకి ఏమూలకీ చాలదు అని తేల్చి లీబిగ్ మీద గెలిచారు. ఆ గెలుపు మీదే ఎరువుల పరిశ్రమ అంతా నిలబడింది అనొచ్చు.

నూరేళ్లు పైన గడిచాయి. కార్లొచ్చాయి, బొగ్గు విద్యుత్ కేంద్రాలొచ్చాయి. కర్మాగారంలో గాలినుంచే అమ్మోనియా చేసే హేబర్-బాష్ పద్ధతి వచ్చింది. కోట్ల బస్తాల ఎరువులు, వాటితో పెరిగిన మేత, ఆ మేత తిన్న గొడ్లు, ఆ గొడ్ల పేడ. పొగగొట్టాల నుంచి నత్రజని ఆక్సైడులు, పేడ నుంచీ పొలాల నుంచీ అమ్మోనియా. ఇదంతా ఆకాశంలోకి వెళ్లి వానతోనూ, వాన లేకుండా ధూళిగానూ, వాయువుగానూ మళ్లీ కిందికే దిగుతుంది. 1990 దశకంలో ఇదే రోథామ్‌స్టెడ్‌లో కొలిస్తే ఏడాదికి హెక్టారు మీద పడుతున్న నత్రజని 40 కిలోలు దాటింది. అంటే ఎకరానికి పదహారు కిలోలకి పైన. ముప్పావు బస్తా యూరియా. ఎవరూ కొనలేదు, ఎవరూ చల్లలేదు. రోడ్డు మీదా, చర్చి మీదా, శ్మశానం మీదా, అడవి మీదా, ‘ఏ ఎరువూ వేయని’ మడి మీదా సమంగా పడింది.

ఈ మాట వింటున్నప్పుడు మా నెత్తిమీదుగా ఓ విమానం ల్యూటన్‌కి దిగుతోంది. పడమటి వైపు కొద్ది దూరంలోనే ఎం-1 హైవే. అందరం ఓసారి పైకి చూశాం.

దీని ఫలితం ఒక్క చేలో కాదు, దేశమంతా కనపడింది. కార్లీ స్టీవెన్స్ అనే శాస్త్రజ్ఞురాలు తన బృందంతో బ్రిటన్ అంతా తిరిగి 68 సహజమైన పచ్చికల్లో మొక్కలు లెక్కబెట్టింది. 2004లో సైన్స్ పత్రికలో వచ్చిందా లెక్క. ఆకాశం నుంచి పడే నత్రజని హెక్టారుకి రెండున్నర కిలోలు పెరిగినచోటల్లా, నాలుగు చదరపు మీటర్ల పచ్చికలో ఒక రకం మొక్క తగ్గుతూ వచ్చింది. నాలుగు చదరపు మీటర్లంటే మన నవారు మంచాలు దాదాపు రెండు పట్టేంత జాగా. అమెరికాలో మిన్నెసోటాలోని సీడర్ క్రీక్‌లోనూ అంతే. ఏడాదికి హెక్టారుకి పది కిలోల చొప్పున, అంటే ఎకరానికి నాలుగు కిలోలు, పిడికెళ్లతో చల్లినట్టు వేసినా ఏళ్లు గడిచేసరికి పదిహేడు శాతం రకాలు తగ్గాయి. దండిగా వేస్తేనే కదా నష్టం అనుకునే వీల్లేదు. తక్కువైనా, ఆగకుండా పడితే చాలు.

అయితే పార్క్ గ్రాస్‌లో ఈ కథకి ఇంకో సగం ఉంది. నేను ఇంత దూరం వెళ్లింది నిజానికి ఆ సగం కోసమే.

1980ల తర్వాత ఐరోపాలో పొగలమీద చట్టాలు బిగిశాయి. కార్లకి ఉత్ప్రేరక గొట్టాలు పెట్టారు, బొగ్గు కేంద్రాలు తగ్గాయి. ఆకాశం నుంచి పడే నత్రజని ఇక్కడ దాదాపు సగానికి దిగింది. మరోపక్క ఈ చేలో కొన్ని మళ్లకి 1990 నుంచి నత్రజని వెయ్యడం ఆపేసి చూశారు. 2015లో నేచర్ పత్రికలో ఫలితం ప్రకటించారు. ఎరువు ఆపిన మళ్లలోనే కాదు, ఎప్పుడూ ఏమీ వేయని మళ్లలోనూ 1991 తర్వాత ఇరవై ఏళ్లలో రకాలు మళ్లీ పెరిగాయి! క్లోవర్ జాతులు తిరిగొచ్చాయి. గాలి కాస్త శుభ్రమైందని ముందుగా గుర్తుపట్టినవాళ్లలో ఈ గడ్డి ఒకటి.

ఇది వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ అదే సీడర్ క్రీక్‌లో ఎరువు ఆపి ఇరవై ఏళ్లయినా పోయిన రకాలు తిరిగి రాలేదని 2013లో అక్కడివాళ్లు రాశారు. ఇక్కడ ఎందుకొచ్చాయి, అక్కడెందుకు రాలేదు? ఆ అమ్మాయి చెప్పిన జవాబు నాకు నచ్చింది. ఇక్కడ ఏటా రెండుసార్లు గడ్డి కోసి బయటికి మోసుకుపోతారు. గడ్డితో పాటు నత్రజనీ పోతుంది. అడుగున చెత్త పేరుకోదు, ఎండ నేలని తాకుతుంది. రెండోది, పోయిన మొక్క గింజలు పక్క మళ్లోనే ఉన్నాయి. నాలుగడుగుల దూరం. గాలికి ఎగిరొస్తాయి, కోత యంత్రానికి అంటుకొస్తాయి. ఎక్కడో ఒక మడి బీదగా మిగిలి ఉండబట్టి తక్కినవాటికి మళ్లీ విత్తనం దొరికింది. చుట్టుపక్కల అంతా బలిసిన నేలే అయితే తిరిగి రావడానికి ఎవరున్నారు? ఇంగ్లండులో 1930ల నుంచి పల్లపు ప్రాంతపు పాతకాలపు గడ్డి చేలు నూటికి తొంభై ఏడు పాళ్లు పోయాయి. దున్నేశారు, లేదా ఎరువేసి మార్చేశారు. అంటే పక్క మడి లేని మళ్లే ఎక్కువన్నమాట.

అమ్మోనియా సంగతి ఇంకా మొండిగా ఉంది. కారు పొగ తగ్గించినంత తేలిగ్గా పేడ వాసన తగ్గడం లేదు. నెదర్లాండ్స్‌లో 2019లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నత్రజని అనుమతుల పద్ధతిని కొట్టేసింది. పశువుల్ని తగ్గించుకోవాలన్న మాట రాగానే రైతులు ట్రాక్టర్లతో రోడ్లమీదకొచ్చారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఎరువు వాడమని మూడు తరాలు నూరిపోసింది ప్రభుత్వాలే. మన దగ్గర గంగా మైదానం మీద అమ్మోనియా ఎంత దట్టంగా ఉందో ఉపగ్రహాలకి స్పష్టంగా కనపడుతోంది. 2015 నుంచి యూరియాకి వేపపూత తప్పనిసరి చేశారు, 2018లో బస్తాని 50 నుంచి 45 కిలోలకి దింపారు. “బస్తా తగ్గించారుగానీ బస్తాల లెక్క తగ్గిందట్రా? మేం బస్తాల్లో వేస్తాంగానీ కిలోల్లో వేస్తామా?” అన్నాడు బాబాయ్. ఏం చెప్పను.

కాంటీన్‌లో టీ తాగాం. ఆ టీకీ ఓ కథుంది. 1919లో రోథామ్‌స్టెడ్‌కి రోనాల్డ్ ఫిషర్ అనే యువకుడు ఈ గుట్టలకొద్దీ లెక్కలు చూడ్డానికి ఉద్యోగంలో చేరాడు. కప్పులో ముందు పాలు పోశారో, ముందు డికాక్షన్ పోశారో రుచి చూసి చెప్పగలనని ఇక్కడే పనిచేసే ఓ మహిళ అంటే, దాన్ని పరీక్షించడానికి ఆయన వేసిన పథకం గణాంకశాస్త్రం పాఠాల్లోకెక్కింది. ఆయన దగ్గరే తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది మన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న సి.ఆర్. రావు. ఆ పేరు వినగానే బాబాయ్ టీ కప్పు కిందపెట్టి “మనవాడే!” అన్నాడు. గడ్డికన్నా ఎక్కువ సంతోషం దానికే.

అక్కడే ఓ గోదాములో 1843 నుంచి దాచిన మట్టి, గింజ, గడ్డి నమూనాలు మూడు లక్షల పైన ఉన్నాయట. సీసాల్లో, డబ్బాల్లో. యుద్ధకాలంలో సీసాలు దొరక్కపోతే పాలపొడి డబ్బాల్లో, కాఫీ డబ్బాల్లో దాచారు. ఎవరు ఎందుకు వాడతారో తెలియకుండానే దాచిపెట్టారు. దాచినవాళ్లకి కాలుష్యం అన్న ఆలోచనే లేదు. ఏ ఏడు గడ్డి ఎలా ఉందో ఈరోజు తిరిగి కొలవగలుగుతున్నామంటే ఆ డబ్బాల వల్లే. మన కోయంబత్తూరులో కూడా రోథామ్‌స్టెడ్‌ని చూసి 1909లో మొదలుపెట్టిన ఎరువుల ప్రయోగం ఒకటి ఇంకా నడుస్తోంది. అది కూడా ఓసారి చూడాలి.

వెళ్లాలనుకునేవారు మే నెలాఖరు నుంచి జూన్ రెండో వారం లోపల వెళ్లండి. ఆ తర్వాత కోసేస్తారు, ఏ మడి ఏదో తెలియదు. ఎస్టేటు గుండా పోయే నడకదారులు అందరివీ. చేలోకి మాత్రం అనుమతి లేకుండా దిగకూడదు. ముందుగా ఉత్తరం రాసి అడిగితే చూపించేవాళ్లు దొరకొచ్చు. వానకోటు తీసుకెళ్లండి. మాకు తిరిగొచ్చేటప్పుడు సన్నగా జల్లు పట్టుకుంది. బాబాయ్ గొడుగు విప్పి, చెయ్యి బయటపెట్టి నాలుగు చినుకులు పట్టి చూశాడు.

“ఇందులో ఎంతుంటుందంటావ్?”

“ఇప్పుడు సగం తగ్గిందట బాబాయ్.”

“అంటే ఇంకా మూడో వంతు బస్తాకి పైనే పడుతున్నట్టేగా ఎకరానికి” అని లెక్క వేసుకుంటూ స్టేషన్ వైపు నడిచాడు.